ఆరేళ్ళ బాబు, పదేళ్ళ పాప – కోడింగ్, రోబోటిక్స్ సమ్మర్ క్యాంప్‌కి పంపాలా?

మియాపూర్_లత · ఏప్రిల్ 7, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మే మొదటి వారం నుంచి కోడింగ్, రోబోటిక్స్ సమ్మర్ క్యాంప్ పెడుతున్నారు. పది రోజులు, పొద్దున 9 నుంచి ఒంటిగంట వరకు. ఒక్కరికి 8,500, ఒకే ఇంటి నుంచి ఇద్దరైతే 15,000. పాంప్లెట్‌లో స్క్రాచ్, ఆర్డినో, ఏఐ, డ్రోన్, పైథాన్ అన్నీ రాశారు. 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళందరికీ ఒకటే బ్యాచ్. చివరి రోజు తల్లిదండ్రుల ముందు ప్రదర్శన, సర్టిఫికెట్, మెడల్.

మా పాపకి పదేళ్ళు, ఐదో తరగతి అయిపోయింది. బాబుకి ఆరు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. అత్తగారు ఇంట్లోనే ఉంటారు కానీ ఈ ఎండల్లో రోజంతా ఇద్దరితో వేగడం ఆవిడ వల్ల కాదు, పాపం. చివరికి టీవీ, ఫోనే దిక్కవుతాయి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే ఉన్నా, ఆరేళ్ళ వాడికి కోడింగ్ అంటే ఏం చెప్తారో నాకే అర్థం కావడం లేదు. పంపినవాళ్ళు, నేర్పేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. డబ్బు దండగ అనిపించిందా?

గోదారి_గట్టు · ఏప్రిల్ 7, రాత్రి 10:15

ఆరేళ్ళకి డ్రోనా? ఆ పదిహేను వేలతో రాజమండ్రికి టికెట్లు తీయించండమ్మా. మామిడికాయలు కోసుకుంటాడు, కాలవలో ఈత నేర్చుకుంటాడు.

మియాపూర్_లత · ఏప్రిల్ 7, రాత్రి 10:21

మాకు ఊళ్ళో ఎవరూ లేరండి. ఉంటే ఈ పోస్టే పెట్టేదాన్ని కాదు.

ఐఆర్_సెన్సర్ · ఏప్రిల్ 8, ఉదయం 7:05

లత గారూ, నేను వేసవుల్లో ఇలాంటి క్యాంపుల్లోనే ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తాను. మీ పాంప్లెట్‌లో నాకు తేడాగా కనిపించింది డ్రోనూ ఏఐ కాదు, "6 నుంచి 14 ఒకటే బ్యాచ్" అన్న మాట. ఆరేళ్ళ వాడికి ఇంకా గబగబా చదవడం రాదు. పద్నాలుగేళ్ళ వాడు ఆర్డినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి కోడ్ టైప్ చేస్తుంటాడు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే చిన్నవాళ్ళకి రంగు కాగితాలో ముందే బిగించిన బొమ్మ కారో చేతికిచ్చి కూర్చోబెడతారు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే.

చిన్నపిల్లలకి కోడింగ్ లేదా అంటే ఉంది. స్క్రాచ్ గురించి వినే ఉంటారు, తెర మీద బిళ్ళలు పేర్చి కోడ్ రాసే పిల్లల కోడింగ్ భాష, అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో విడుదల చేశారు. 8 నుంచి 16 ఏళ్ళ వాళ్ళని మనసులో పెట్టుకుని చేసినది. ఇంకా చదవలేని 5–7 ఏళ్ళ వాళ్ళ కోసం 2014లో స్క్రాచ్ జూనియర్ వచ్చింది. అందులో అక్షరాలు చదవక్కర్లేదు, బాణం గుర్తులున్న బిళ్ళలు ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే తెర మీద పిల్లి బొమ్మ నడుస్తుంది. రెండూ ఉచితమే. స్క్రాచ్ జూనియర్‌కి ఒక ట్యాబ్ ఉంటే చాలు.

ఇక రోబో విషయానికొస్తే బీ-బాట్ అని తేనెటీగ ఆకారంలో ఒకటి ఉంటుంది. స్క్రీన్ ఉండదు, వీపు మీద ముందుకు, వెనక్కి, కుడి, ఎడమ బటన్లు. ఒక్కసారి నొక్కితే 15 సెంటీమీటర్లు కదులుతుంది. కుడి బటన్ నొక్కితే ఉన్నచోటే పక్కకి తిరుగుతుంది, అంతే, ముందుకు పోదు. ఆరేళ్ళ పిల్లలు మొదట్లో అందరూ ఇక్కడే పడతారు. "కుడి నొక్కాను కదా సార్, వెళ్ళలేదేంటి?" అంటారు. తర్వాత రోబో తమ వైపు ముఖం పెట్టి ఉన్నప్పుడు దాని కుడి తమకి ఎడమ అవుతుందని తెలుస్తుంది. కొందరు లేచి వెళ్ళి రోబో వెనకాల నిలబడి, దానిలాగే తిరిగి చూసి, అప్పుడు నొక్కుతారు. ఆ వయసుకి అదే అసలు కోడింగ్. పైథాన్ అంటే అక్షరాలు టైప్ చేసి రాసే కోడింగ్ భాష, ఆ మాట ఆరేళ్ళ వాళ్ళ పాంప్లెట్‌లో ఉందంటే రాసినవాళ్ళు ఎప్పుడూ ఆరేళ్ళ వాడికి పాఠం చెప్పి ఉండరు.

లెక్కల_మాస్టారు · ఏప్రిల్ 8, ఉదయం 9:30

పైన తమ్ముడు చెప్పింది బాగుంది. రోబో వెనక నిలబడి తిరిగి చూడడం అన్నది కొత్త సంగతి కాదు. 1967లో అమెరికాలో సేమూర్ పాపర్ట్, వాలీ ఫర్జిగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. అందులో మనం చెప్పినట్టు కదిలే తాబేలు ఉంటుంది, దాని కదలికలు అర్థం కాకపోతే పిల్లవాడినే తాబేలుగా నడిచి చూడమనేవాడు పాపర్ట్. ఇవాళ్టి స్క్రాచ్ కూడా ఆ వంశంలోదే.

నాది మీ పాప గురించి ఒక మాట. ఐదో తరగతి అయిన పిల్లకి స్క్రాచ్ సరిగ్గా సరిపోతుంది, కానీ అందులో రెండు చోట్ల ఆగిపోతుంది. చెప్పేవాడు ఆ రెండు చోట్లా ఆగి చెప్తున్నాడా లేదా చూడండి. మొదటిది, స్క్రాచ్ వేదిక, అంటే పిల్లి కదిలే తెర, మధ్యలో సున్నా ఉంటుంది. అడ్డంగా –240 నుంచి 240 దాకా, నిలువుగా –180 నుంచి 180 దాకా. రుణ సంఖ్యలు మన బడుల్లో ఆరో తరగతిలో గానీ రావు. పిల్లి ఎడమ వైపు పోవాలంటే మైనస్ ఎందుకు పెట్టాలో చెప్పకుండా "అది అంతే, పెట్టు" అంటే పిల్ల పెడుతుంది, నేర్చుకోదు.

రెండోది ఇంకా బాగుంటుంది. చతురస్రం గీయాలంటే 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు, ఇలా నాలుగు సార్లు. తేలిక. ఇప్పుడు సమబాహు త్రిభుజం గీయమనండి. కోణం 60 అని పుస్తకంలో చదివిన పిల్ల 60 పెడుతుంది. త్రిభుజం రాదు, ఆరుభుజాల బొమ్మలో సగం వచ్చి ఆగిపోతుంది. ఎందుకంటే పిల్లి తిరిగేది బయటి కోణం, 120. తొమ్మిదో తరగతిలో కూడా బాహ్యకోణం దగ్గర తికమకపడే పిల్లల్ని చూశాను నేను. ఆ సగం బొమ్మ ముందు పిల్ల ఒక పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ పది నిమిషాలు ఇచ్చే ఓపిక క్యాంపు వాళ్ళకి ఉంటుందా అన్నదే నా అనుమానం.

చందానగర్_నాన్న · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:12

ఇదంతా భయపెట్టి అమ్ముకునే వ్యాపారం. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ కోడింగ్ కంపెనీ యాడ్ ఒకటి గుర్తుందా? చిన్న పిల్లాడికి కోట్ల జీతమట. ఆ పిల్లాడు అసలు లేనే లేడు, కల్పిత పాత్ర. 2020లో ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్‌సీఐ చెప్తే యాడ్లు వెనక్కి తీసుకున్నారు. "కొత్త విద్యా విధానంలో కోడింగ్ వచ్చేసింది, మీ వాడు వెనకబడిపోతాడు" అంటూ నర్సరీ పిల్లల తల్లిదండ్రులకి కూడా ఫోన్లు చేశారు. 2020 జాతీయ విద్యా విధానంలో కోడింగ్ మాట ఉన్నది మిడిల్ స్టేజ్‌కి, అంటే 6, 7, 8 తరగతులకి. ఒకటో తరగతి వాడికి ఎవరూ తప్పనిసరి చేయలేదు.

ఐఆర్_సెన్సర్ · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:40

అది నిజమే అన్నా. అయితే లత గారి సమస్య పిల్లల రేపటి ఉద్యోగం కాదు కదా, ఈ మే నెల గడవడం.

రాధిక_ఫ్రిస్కో · ఏప్రిల్ 8, రాత్రి 8:18

టెక్సస్ నుంచి. ఇక్కడ వేసవి అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా వారం వారం డే క్యాంపులే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో వేరే దారి లేదు, జనవరి, ఫిబ్రవరిలోనే బుక్ చేసుకుంటాం. రోబోటిక్స్ క్యాంపులు మా వైపు వారానికి 350 నుంచి 500 డాలర్ల దాకా ఉన్నాయి. పొద్దున 9 నుంచి 3 వరకు, ఆ తర్వాత ఉంచాలంటే వేరే ఫీజు. లంచ్ బాక్స్ మనమే పెట్టాలి, వేరుశనగ ఉన్నవి పెట్టకూడదు. పల్లీ చట్నీతో ఇడ్లీ పెట్టి పంపి ఫోన్ రాని తెలుగు అమ్మ ఇక్కడ అరుదు లెండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి పనికొచ్చేది ఒకటి చెప్తాను, చాలామందికి తెలియదు. 13 ఏళ్ళ లోపు పిల్లల డే క్యాంప్ ఖర్చు ట్యాక్స్‌లో చైల్డ్ కేర్ క్రెడిట్ కింద చూపించుకోవచ్చు, తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తూ ఉండాలి. ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ కోసం జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా) ఉంటే అందులోంచీ కట్టొచ్చు, ఒకే ఖర్చుకి రెండూ వాడుకోవడం కుదరదంతే. ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 503లో కంప్యూటర్లు, సాకర్ లాంటి ప్రత్యేక విషయం నేర్పే డే క్యాంప్ అయినా చెల్లుతుందని ఉంది. రాత్రి అక్కడే ఉండే క్యాంప్ మాత్రం చెల్లదు.

వయసు సంగతి ఐఆర్_సెన్సర్ గారు చెప్పినట్టే. మా వాడు వెళ్ళిన చోట 5–7, 8–10, 11–14 వేరు వేరు గదులు. పేరు పెద్దది కాబట్టి లోపల అంతా పెద్ద ఇంజినీర్లు ఉంటారనుకోకండి, హైస్కూల్, కాలేజీ పిల్లలే కౌన్సెలర్లు. నాకు అది మంచిగానే అనిపించింది. పదహారేళ్ళ వాడు నేల మీద కూర్చుని మా వాడితో సమానంగా పోట్లాడతాడు.

డబ్బు పెట్టే ముందు పిల్లాడికి ఇష్టమా కాదా చూడాలంటే మా ఫ్రిస్కో పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాల్లాగే రోబోటిక్స్ కిట్లు కూడా ఇంటికిస్తారు. హైదరాబాద్‌లో అలాంటిది ఉందా?

కిట్_కార్నర్_ఆఫర్స్ · ఏప్రిల్ 8, రాత్రి 11:47

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకులు · ఏప్రిల్ 9, ఉదయం 6:30

ప్రకటనలు, ఫోన్ నంబర్లు వద్దు. క్యాంపు నడిపేవాళ్ళు చర్చలో పాల్గొనవచ్చు, సంస్థ పేరు చెప్పకుండా.

పిల్లల_డాక్టర్_గుంటూరు · ఏప్రిల్ 9, ఉదయం 7:20

క్లుప్తంగా. చిన్నపిల్లలున్న గదిలో బటన్ సెల్స్, అంటే వాచీల్లో వేసే గుండ్రటి చిన్న బ్యాటరీలు, ఉన్నాయా అని అడగండి. చిన్న లైట్ల ప్రాజెక్టుల్లో, కొన్ని బొమ్మల రిమోట్లలో ఇవే వాడతారు. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత ప్రమాదం. "బయటికి వచ్చేస్తుందిలే" అని అరటిపండు పెట్టి చూస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. క్యాంపు నుంచి ఇంటికి ఇచ్చే బొమ్మలో కూడా బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూసుకోండి. సోల్డరింగ్, హాట్ గ్లూ గన్ ఆరేళ్ళ వాడి చేతికి రాకూడదు.

ఒంటిగంటకి వదిలితే మే నెలలో ఆ ఎండలో నడిపించి తీసుకురావద్దు. మీది క్లబ్‌హౌసే కాబట్టి ఫర్వాలేదు. మంచినీళ్ళ సీసా, మజ్జిగ తప్పకుండా పెట్టండి.

క్యాంపు_అక్క · ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:05

నేను విజయవాడలో క్యాంపు నడుపుతాను, పేరు చెప్పను. ఇక్కడ అందరూ క్యాంపుల్ని తిడుతున్నారు కాబట్టి నా వైపు మాట కూడా వినండి.

మాస్టారు గారూ, పది నిమిషాలు ఇచ్చే ఓపిక మాకూ ఉంటుంది. మా క్యాంపులో ఒక పిల్ల సగం త్రిభుజం ముందు కూర్చుని ఉన్నప్పుడు కిటికీలోంచి చూసిన తల్లి "మా అమ్మాయిని ఎవరూ పట్టించుకోవడం లేదు" అని ఫోన్ చేస్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళగానే "ఇవాళ ఏం చేశావ్, చూపించు" అంటారు. చూపించడానికి ఏమీ లేకపోతే మూడో రోజు రారు. హాలు అద్దె, ఏసీ కరెంటు బిల్లు, విరిగిపోయే మోటార్లు, తెగిపోయే వైర్లు, ఇన్‌స్ట్రక్టర్ల జీతాలు అన్నీ ఆ ఆరు వారాల్లోనే రావాలి. పాంప్లెట్‌లో డ్రోన్ రాయకపోతే పక్క వీధి క్యాంపులో చేరతారు. నేను ఒక ఏడాది డ్రోన్, ఏఐ తీసేసి "పిల్లలు బొమ్మలు విప్పి బిగిస్తారు" అని రాశాను. ఆ ఏడాది ఫోన్ చేసిన ఒకాయన "మా ఇంట్లో ఊరికే విప్పుతున్నాడమ్మా, దానికి ఫీజు ఎందుకు" అన్నారు.

గోదారి_గట్టు · ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:31

ఆయన మాటలో తప్పేముందండీ 😄

ఐఆర్_సెన్సర్ · ఏప్రిల్ 9, రాత్రి 9:10

అక్కా, మీ బాధ నాకు తెలుసు. నేను క్యాంపుల్ని తిట్టడం లేదు, ఆ చివరి రోజు ప్రదర్శనని తిడుతున్నాను. మొత్తం క్యాంపు దాని చుట్టూ తిరుగుతుంది. ముందు రోజు సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఏం జరుగుతుందో చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. ఇన్‌స్ట్రక్టర్లు కూర్చుని ప్రతి రోబోనీ సరిచేస్తారు. ఊడిన వైర్లు పెట్టి, కోడ్ మళ్ళీ ఎక్కించి, నడుస్తోందని చూసి పేర్లు అంటిస్తారు. పొద్దున పిల్లాడు స్విచ్ వేస్తాడు, రోబో గీత మీద చక్కగా పోతుంది, అమ్మానాన్నలు వీడియో తీస్తారు. అందరూ సంతోషమే.

పోయిందేంటో చెప్తాను. బొమ్మ కారుకి రెండు పసుపు రంగు బీవో మోటార్లు (బ్యాటరీతో తిరిగే చిన్న మోటార్లు) ఉంటాయి కదా, ఒకే కంపెనీవి, ఒకే డబ్బాలోవి అయినా రెండూ ఒకే వేగంతో తిరగవు. అందుకని పిల్లలు చేసిన మొదటి కారు నేరుగా పోదు, ఒక పక్కకి లాగేస్తుంది. పిల్లాడు ముందు చక్రం వంకరగా పెట్టానేమో అనుకుంటాడు. చక్రాలు అటువి ఇటు మారుస్తాడు. అయినా అటే లాగుతుంది. అప్పుడు మోటార్ మీద అనుమానం వస్తుంది. ఒక పూట మొత్తం పోతుంది దీనికి. ప్రదర్శన దగ్గరపడితే ఆ పూట ఉండదు, ఇన్‌స్ట్రక్టర్ వచ్చి కోడ్‌లో ఒక మోటార్ వేగం 255 బదులు 235 అని రాసి వెళ్ళిపోతాడు.

గీత మీద పోయే రోబో కూడా అంతే. అందులో ఐఆర్ సెన్సర్లు పరారుణ కాంతిని నేల మీదికి పంపి, తిరిగొచ్చిన దాన్ని చూస్తాయి. తెల్ల నేల వెనక్కి పంపుతుంది, నల్ల టేపు మింగేస్తుంది. ఎండలో కూడా పరారుణం బోలెడంత ఉంటుంది. మన మే నెల ఎండ కిటికీలోంచి నేల మీద పడితే ఆ ముక్క దగ్గరికి రాగానే రోబోకి పిచ్చెక్కుతుంది. పిల్లలకి చెప్పకుండా వదిలేస్తే "పొద్దున నడిచింది, ఇప్పుడు నడవట్లేదు, మధ్యలో ఏం మారింది?" అని వాళ్ళే కర్టెన్ దాకా వస్తారు. మేమేం చేస్తాం? పొద్దునే కర్టెన్లు వేసేస్తాం.

ఆ కర్టెన్ కథ ఇంకోటి ఉంది. ముందు అడ్డు ఉంటే ఆగే రోబోలో హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడతారు, రెండు కళ్ళలా ఉంటుంది. 40 కిలోహెర్ట్‌జ్ శబ్దం పంపి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కేస్తుంది, కాగితం మీద 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా. గోడ దగ్గర బుద్ధిగా ఆగే రోబో మెత్తటి కర్టెన్‌లోకి నేరుగా దూరిపోతుంది, గుడ్డ శబ్దాన్ని పీల్చేస్తుంది కాబట్టి. గోడకి ఏటవాలుగా వెళ్ళినా అంతే, ప్రతిధ్వని పక్కకి పోతుంది. ఒక్క కర్టెన్‌తో పదేళ్ళ పిల్లలకి కాంతీ, శబ్దం రెండూ చెప్పొచ్చు. ప్రదర్శన రోజు మాత్రం అట్టపెట్టెలు పెడతారు, అన్నీ నేరుగా.

లెక్కల_మాస్టారు · ఏప్రిల్ 10, ఉదయం 6:45

భలే చెప్పావు నాయనా. అయితే తల్లిదండ్రులకి ఒక పని చెప్తాను. ప్రదర్శన రోజు వీడియో తీశాక "ఇప్పుడు దీన్ని ఎడమకి బదులు కుడికి తిప్పు" అని అడగండి. పిల్లవాడు కోడ్ దగ్గరికి వెళ్తే సరే. సార్ వైపు చూస్తే మీకు తెలిసిపోతుంది.

క్యాంపు_అక్క · ఏప్రిల్ 10, ఉదయం 10:22

మాస్టారూ, అలా అందరి ముందూ అడిగితే చిన్నపిల్లలు బిక్కమొహం వేస్తారు. పరీక్ష పెట్టినట్టు అవుతుంది. ప్రదర్శన పూర్తిగా ఎత్తేయడం నా వల్ల కాదు, కానీ నేను గత వేసవి నుంచి వేరేలా చేస్తున్నాను. వేదిక లేదు, మైకు లేదు. చివరి రోజు తల్లో తండ్రో వచ్చి పిల్లల పక్కన నేల మీద కూర్చోవాలి. పిల్లలే టీచర్లు, అమ్మానాన్నలకి ఒక బొమ్మ కారు బిగించడం నేర్పుతారు. వైరు తప్పు పెట్టిన నాన్నని వాళ్ళు తిట్టే తిట్లు వినాలి మీరు! పిల్లలకి ఎంత వచ్చో అందులో దాచినా దాగదు. కొందరు తండ్రులు "మెడల్ ఎక్కడ" అని అడిగారు, మెడల్స్ కూడా ఇచ్చాను. దానికేముంది.

ఇంకో మాట, చిన్నపిల్లల బ్యాచ్‌కి ఆరుగురికి ఒక టీచర్ చొప్పున పెడతాను. అందుకే నా ఫీజు లత గారు చెప్పిన దానికంటే ఎక్కువ. తక్కువ ఫీజు అడిగే చోట ఒక టీచర్‌కి ఎంతమంది పిల్లలో అడగండి, ఒక కిట్ ఎంతమందికో కూడా అడగండి. ఒక కిట్ చుట్టూ నలుగురు ఉంటే ఇద్దరు చేస్తారు, ఇద్దరు చూస్తారు. ఆ చూసేవాళ్ళలో ఎక్కువ ఆడపిల్లలే ఉంటారు. స్క్రూడ్రైవర్ ముందు ఎవరి చేతిలోకి వెళ్తుందో ఒక్క గంట కూర్చుని చూడండి చాలు.

మియాపూర్_లత · ఏప్రిల్ 10, ఉదయం 11:03

ఈ చివరి మాట నేను అసలు ఆలోచించలేదు. మా పాప నెమ్మదస్తురాలు, అడిగి లాక్కునే రకం కాదు. థాంక్యూ అక్కా.

ఏటీఎల్_సార్_ఖమ్మం · ఏప్రిల్ 10, రాత్రి 9:48

ఆలస్యంగా చూశాను. నేను ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని, మా బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (ఏటీఎల్) ఉంది, పిల్లలు సామాన్లు బిగించి ప్రయోగాలు చేసుకునే గది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు. అందులో సగం ల్యాబ్ పెట్టడానికి, సగం ఐదేళ్ళు నడపడానికి. 6 నుంచి 12 తరగతుల పిల్లలకి. దేశంలో పదివేల బడుల్లో ఉన్నాయి, 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ బడులకి ఐదేళ్ళలో ఇంకో 50,000 అన్నారు.

మా ఊళ్ళో పదివేలు కట్టి క్యాంపుకి పంపేవాళ్ళు ఎవరూ లేరు. వేసవిలో ల్యాబ్‌కి తాళం వేస్తే ఆ సామానంతా దుమ్ము పడుతుంది. అందుకని మే నెలలో పొద్దున 7 నుంచి 10 దాకా తెరుస్తున్నాను, ఎండ ముదరక ముందే. దీనికి నాకు ఎవరూ అదనంగా ఏమీ ఇవ్వరు, అది వేరే సంగతి. పిల్లలు కూలి పనికి పోయే ఇళ్ళ నుంచి వస్తారు. వాళ్ళకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం, వైరు కొన ఒలవడం ఎవరూ నేర్పక్కర్లేదు. పాత మిక్సీ మోటార్లు, సెల్‌ఫోన్ వైబ్రేటర్లు వాళ్ళే తెస్తారు. ఇబ్బంది అంతా టైపింగ్ దగ్గరే. అందుకే మొదట మైక్రోబిట్ ఇస్తాను. బీబీసీ వాళ్ళు 2016లో బ్రిటన్ బడి పిల్లలకి ఉచితంగా పంచిన చిన్న బోర్డు అది, 25 చిన్న లైట్లు, రెండు బటన్లు ఉంటాయి. బిళ్ళలు పేర్చి కోడ్ రాయొచ్చు. వైర్లు పెట్టకుండానే ఏదో ఒకటి వెలుగుతుంది, అక్కడితో భయం పోతుంది.

3డి ప్రింటర్ కూడా ఉంది. వచ్చిన అధికారులందరూ ముందు దాన్నే చూస్తారు. పిల్లలు మాత్రం పాత మిక్సీ దగ్గరే ఉంటారు.

లత గారూ, మీ దగ్గర్లో ఏటీఎల్ ఉన్న బడి ఉందేమో కనుక్కోండి. పాప జూన్‌లో ఆరో తరగతికి వస్తుంది కాబట్టి వేరే బడి పిల్లల్ని కూడా రానిస్తారేమో అడగొచ్చు. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, హెడ్‌మాస్టర్‌ని బట్టి ఉంటుంది.

చందానగర్_నాన్న · ఏప్రిల్ 10, రాత్రి 10:30

సార్, మీలాంటి వాళ్ళ దగ్గరికి పంపాలి పిల్లల్ని. ఫీజు లేదు, డ్రోన్ లేదు.

ఏటీఎల్_సార్_ఖమ్మం · ఏప్రిల్ 10, రాత్రి 10:41

డ్రోన్ ఉందండి. రెక్క విరిగింది.

మియాపూర్_లత · ఏప్రిల్ 14, సాయంత్రం 6:20

అందరికీ అప్‌డేట్. మీరు చెప్పినవన్నీ రాసుకుని క్లబ్‌హౌస్ క్యాంపు డెమో క్లాసుకి వెళ్ళాను. ఎంతమందికి ఒక టీచర్ అంటే "మేడమ్, స్ట్రెంత్‌ని బట్టి" అన్నారు. కిట్ నలుగురికి ఒకటి. బటన్ సెల్స్ సంగతి అడిగితే ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. బాబుకి ముందే బిగించిన కారు, రిమోట్ ఇచ్చారు. వాడు చాలా సంతోషంగా దాన్ని టీచర్ కాళ్ళ మధ్యలోంచి నడిపాడు, అది వేరే విషయం. కానీ అది ఇంట్లో ఉన్న బొమ్మే కదా.

కొండాపూర్ వైపు ఇంకో చోట చూశాను. 8 ఏళ్ళు నిండినవాళ్ళనే తీసుకుంటున్నారు, ఇద్దరికి ఒక కిట్. నేను వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి రోబో గుండ్రంగా తిరుగుతోంది. టీచర్ పక్కనే స్టూల్ మీద కూర్చుని చూస్తున్నాడు, చెయ్యి పెట్టలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అది చూసి పాపని అక్కడ చేర్పించేశాను. ఆటో ఖర్చు ఎక్కువే అవుతుంది.

బాబుకి ఈ ఏడాది వద్దనుకున్నాం. సాయంత్రాలు ఈత, పొద్దున అత్తగారితో ఇంట్లో. ట్యాబ్‌లో స్క్రాచ్ జూనియర్ వేశాను, రోజూ కాసేపు. అంతకంటే హాల్లో టైల్స్ మీద ఆట బాగా నచ్చింది వాడికి. వాళ్ళ నానమ్మ రోబో, వీడు "రెండు ముందుకు, కుడి తిరుగు, ఒకటి ముందుకు" అని చెప్పి ఆవిడని వంటింట్లో బిస్కెట్ డబ్బా దాకా నడిపించాలి. ఆవిడ కావాలనే కుడి అంటే తిరిగి ఊరుకుంటున్నారు, ముందుకు పోవట్లేదు. ఈ పోస్టు ఆవిడకి చదివి వినిపించాను మరి.

ఒక ప్రశ్న మిగిలింది. క్యాంపు అయ్యాక పాప ఇంట్లో కూడా చేస్తానంటే ఏం కొనాలి? ఆన్‌లైన్‌లో కిట్లు నాలుగైదు వేలు చూపిస్తున్నాయి.

ఐఆర్_సెన్సర్ · ఏప్రిల్ 14, రాత్రి 8:55

పెద్ద కిట్ కొనకండి, అందులో సగం సెన్సర్లు డబ్బాలోనే ఉండిపోతాయి. కోఠీ గుజరాతీ గల్లీకి ఒక పొద్దున పాపని తీసుకెళ్ళండి. ఆర్డినో ఊనో క్లోన్ (నకలు) బోర్డు, రెండు బీవో మోటార్లు, చక్రాలు, మోటార్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకి కరెంటు ఇచ్చే చిన్న ముక్క), ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, జంపర్ వైర్లు తీసుకోండి. విడిగా కొంటే ఆ నాలుగైదు వేలలో సగం కూడా కాదు. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసేస్తారు.

బ్యాటరీ దగ్గర జాగ్రత్త. షాపువాళ్ళు చదరపు 9 వోల్టుల బ్యాటరీ అంటగడతారు. అది మోటార్లకి సరిపడా కరెంటు ఇవ్వలేదు. మోటార్ తిరగబోగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. పిల్లలేమో కోడ్ తప్పనుకుని గంటలు గంటలు వెతుకుతారు. మోటార్లకి నాలుగు పెన్సిల్ సెల్స్ పట్టే హోల్డర్ కొనండి, బోర్డుకి లాప్‌టాప్ నుంచో పవర్ బ్యాంక్ నుంచో యూఎస్‌బీ పెట్టండి. రెండిటి గ్రౌండ్ (మైనస్) వైర్లు కలపడం మర్చిపోవద్దు.

ఇంకోటి, క్లోన్ బోర్డుని లాప్‌టాప్ గుర్తుపట్టకపోతే పాడైందని వెనక్కి తీసుకెళ్ళకండి. వాటిలో ఎక్కువగా సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో వేసి కేబుల్ తీసి మళ్ళీ పెట్టండి, పోర్ట్ కనిపిస్తుంది. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ కూడా అమ్ముతున్నారు అక్కడ.